పోపు వేయకముందు

ముఖం ఎర్రబడ్డ మనిషిని చూడగానే ఎదుటివాళ్లు మనసులో ఒక కథ అల్లేసుకుంటారు. కోపం వచ్చిందనో, సిగ్గుపడిందనో, ఎక్కడో ఏడ్చి వచ్చిందనో. మగవాడైతే తాగి వచ్చాడనో. ఈ కథలన్నీ నేను విన్నాను. ఆఫీసులో మామూలుగా ఒక లెక్క వివరిస్తుంటే "టెన్షన్ పడకండి మేడమ్" అని మంచినీళ్లు అందించినవాళ్లున్నారు. ఒక పెళ్లిలో భోజనాల బంతి నుంచి లేవగానే మా ఆడపడుచు పక్కకు తీసుకెళ్లి, "ఏంటి వదినా, అన్నయ్య ఏమన్నా అన్నాడా?" అని అడిగింది. ఎవరూ ఏమీ అనలేదు. పొగలు కక్కే అన్నంలో గుత్తివంకాయ కూర కలుపుకుని తిన్నాను. బుగ్గలు దానికే భగ్గుమన్నాయి.

మనసుతో పని లేకుండా చర్మం ఇలా కందిపోవడం ఒక జబ్బు. వైద్యులు దాన్ని రోజేషియా అంటారు. బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం, ఈ చోట్ల చర్మం కింద ఉండే సన్నని రక్తనాళాలు చిన్న కారణానికే విప్పారతాయి, మళ్లీ ముడుచుకోవడానికి చాలాసేపు తీసుకుంటాయి. ఎరుపుతోపాటు సెగ, చురచుర, సబ్బు కూడా పడనంత సున్నితం. కొందరికి మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, కొందరికి కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు 5 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా.

తెల్లని చర్మం వాళ్ల జబ్బుగానే దీనికి చాలాకాలం పేరు. 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల్లో చర్చి న్యాయస్థానానికి జనాన్ని పిలిపించే ఉద్యోగి ఒకణ్ణి వర్ణించాడు. వాడి ముఖం నిప్పులా ఎర్రగా, పొక్కులతో ఉంటుంది. వాడికి వెల్లుల్లి, ఉల్లి, ఘాటైన ద్రాక్షసారా అంటే ప్రాణం. అది రోజేషియా వర్ణనే అయి ఉండాలని చర్మవైద్యులు ఇవాళ చెబుతారు. చామనఛాయలో ఆ ఎరుపు దాక్కుంటుంది. పైకి రంగు ముదిరినట్టు, కాస్త ఊదా కలిసినట్టు మాత్రమే కనపడుతుంది. అందుకే మన దగ్గర దీన్ని గుర్తించడం ఆలస్యమవుతుంది. నా ఛాయ కాస్త పలచన కాబట్టి నలుగురికీ తెలిసిపోయింది. మా అమ్మది నలుపు. వంటింట్లోంచి బయటికి రాగానే పైటచెంగు చెంబు నీళ్లలో ముంచి బుగ్గలకు అద్దుకునేది. "ఒంట్లో వేడి" అనేది. ఆవిడ వేడి ఎవరికీ కనపడలేదు. ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు.

మాది గుంటూరు జిల్లా. ఆసియాలోకెల్లా పెద్దదని పేరుపడ్డ మిర్చి యార్డు ఉన్న ఊరి పక్క పుట్టినవాళ్లం. కారం మాకు ఒక రుచి మాత్రమే కాదు, పౌరుషం కూడా. వేడి అన్నంలో పండుమిరపకాయ పచ్చడి, నెయ్యి. కళ్లు చెమరుస్తుంటే ఇంకో ముద్ద. కారం తినలేని పిల్లవాణ్ణి చుట్టాలు ఆట పట్టించేవాళ్లు. ఆ తిండిని నేను ఇప్పటికీ ప్రేమిస్తాను, దాని వాసనకు ఇప్పటికీ నోరూరుతుంది. కాబట్టి ఇది కారానికి వ్యతిరేకంగా రాస్తున్నది కాదు. ఆ ఇంట్లోనే, ఆ బంతిలోనే, కారం పడని ఒక ముఖానికి కూడా చోటు ఎలా దొరుకుతుందా అని కొన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. దానికి జవాబు సూపు దగ్గర దొరికింది.

"కూరగాయల సూపులు తాగు, చర్మం చల్లబడుతుంది" అని చెప్పనివాళ్లు లేరు. చెప్పినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ సూపంటే హైదరాబాదులో ఇవాళ మనకు తెలిసింది ఏమిటి? హోటల్లో మొదట వచ్చే హాట్ అండ్ సోర్. మిరియాలు, మిర్చి సాస్, వెనిగర్, అల్లం, వెల్లుల్లి, వీటన్నిటినీ మరుగుతున్న నీళ్లలో కలిపి, పెదవి కాలేంత వేడిగా తెచ్చి పెడతారు. నాలాంటి ముఖానికి అంతకన్నా పగవాడు లేడు. పొట్లం చించి నీళ్లలో కలిపే సూపులో కూరగాయ నామమాత్రం, మొక్కజొన్న పిండి, ఉప్పు, చక్కెర, మిరియాల పొడి అసలు సరుకు. ఇంట్లో చేసుకునే టమాటా సూపు మేలే గానీ, ఈ జబ్బున్న కొందరికి టమాటాయే పడదు. సూపు తాగమనడం సులువు. ఏ సూపు, ఎంత వేడిగా అన్నదగ్గరే ఉంది కిటుకంతా.

ముందు వేడి సంగతి. ఇది నాకు అన్నిటికన్నా పెద్ద మేలు చేసిన విషయం కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. రోజేషియా ఉన్నవాళ్లు కాఫీ మానేయాలని వైద్యులు తరతరాలుగా చెబుతూ వచ్చారు. 1981లో జొనాథన్ విల్కిన్ అనే అమెరికా చర్మవైద్యుడు ఈ మాటను పరీక్షకు పెట్టాడు. ఈ జబ్బున్నవాళ్లకు 60 డిగ్రీల వేడి కాఫీ ఇచ్చాడు. అదే వేడిలో ఉత్త నీళ్లు ఇచ్చాడు. 22 డిగ్రీలకు చల్లార్చిన కాఫీ ఇచ్చాడు. కెఫీన్ ఒక్కటీ విడిగా ఇచ్చాడు. వేడి కాఫీకి ముఖాలు ఎర్రబడ్డాయి. వేడి నీళ్లకూ అంతే ఎర్రబడ్డాయి. చల్లటి కాఫీకి ఎర్రబడలేదు, కెఫీన్‌కూ లేదు. దోషం కాఫీది కాదు, వేడిది. 2018లో అమెరికాలో 82,737 మంది నర్సుల సమాచారం పరిశీలించినప్పుడు ఇంకో అడుగు ముందుకు పడింది. రోజుకు నాలుగు కప్పులు, అంతకు మించి కాఫీ తాగేవాళ్లలో ఈ జబ్బు రావడం తక్కువగానే కనిపించింది. కాఫీయే కాపాడిందని దీన్నిబట్టి తేల్చలేం. అయినా ఎంతమంది ఎన్నేళ్లు పొద్దుటి కాఫీని అనవసరంగా వదులుకున్నారో అని నాకు బాధ కలుగుతుంది.

ఈ సంగతి తెలిశాక సూపును చూసే చూపే మారింది. గిన్నెలో ఏముందన్న దానికన్నా ముందు అది ఎంత వేడిగా ఉందన్నది చూడాలి. ఎంత మంచి కూరగాయలు వేసినా పొగలు కక్కుతుండగా తాగితే చేసిన మేలంతా బుగ్గల దగ్గరే పోతుంది. మనకు వేడి వేడిగా తినిపించడమే ప్రేమ. "చల్లారిపోతుంది, రండి" అని పిలవని ఇల్లు లేదు. చల్లారినది తినడమంటే ఎవరూ పట్టించుకోని మనిషి తిండి అనే భావన మనలో లోతుగా ఉంది. మా అమ్మ అందరికీ వడ్డించి ఆఖర్న చల్లారిన అన్నమే తినేది. అది ఆవిడ బుగ్గలకు మంచిదే అయి ఉండొచ్చు. కానీ ఆవిడ ఎంచుకున్నది కాదు, అందరి తర్వాత తినాల్సి రావడం వల్ల వచ్చింది. దాన్ని నేను వైద్యమని పొగడలేను. గోరువెచ్చటి గిన్నె అందరితోపాటు, అందరికీ వడ్డించే వేళకే ముందుకు రావాలి.

నిజానికి చల్లగా తాగే చారు మనకు కొత్త కాదు. తెలంగాణ పచ్చిపులుసు పొయ్యెక్కదు. మజ్జిగ చారు పొయ్యి మీద కాసేపే ఉంటుంది, ఆరాకే రుచి. ఎండాకాలం అంబలి చల్లార్చుకునే తాగుతాం. వేడిగా లేకపోతే చారే కాదన్నది హోటళ్లు నేర్పిన అలవాటనే నా నమ్మకం.

ఇక ఘాటు. 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ ప్రయోగశాల ఒక ద్వారాన్ని కనిపెట్టింది. మన నరాల కొసల్లో ఉండే ఆ ద్వారం పేరు టీఆర్‌పీవీ-1. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది, కాలుతోందని మెదడుకు కబురు పోతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా సరిగ్గా అదే ద్వారం తెరుచుకుంటుంది. అంటే వేడి, కారం రెండూ శరీరానికి ఒకే కబురు. ఈ పరిశోధనకే ఆయనకు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. రోజేషియా చర్మంలో ఇలాంటి ద్వారాలు మామూలు కన్నా ఎక్కువగా, చురుగ్గా ఉంటాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. నలుగురికి నాలుక మీద ఆగిపోయే కారం మాకు చెంపల దాకా పాకడానికి కారణం ఇదే. "నువ్వు మరీ సున్నితం" అన్న మాటకు ఇన్నాళ్లు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడుంది.

ఆ చదువుతో మా పోపుల డబ్బా మూత తీసి ఒక్కో దినుసునూ చూశాను. మిరపకాయ సంగతి తేలిపోయింది. మిరియాలు? జలుబుకూ జ్వరానికీ మిరియాల చారు పెట్టే ఇళ్లు మనవి. మిరియం సాత్వికమని మన నమ్మకం. కానీ మిరియంలోని పైపరిన్ తట్టేది కూడా ఆ తలుపునే. అల్లం కూడా అక్కడికే చేరుతుంది. అల్లం ఎండి శొంఠి అయితే ఘాటు ఇంకా పెరుగుతుంది. బాలింతకు బలమని పెట్టే శొంఠి ఈ చర్మానికి మాత్రం పథ్యం కాదు. ఆవాలు, పచ్చి వెల్లుల్లి, దాల్చినచెక్క తట్టేది పక్కనున్న ఇంకో తలుపును. దాని పేరు టీఆర్‌పీఏ-1.

ఇక్కడ వంట తెలిసినవాళ్లకు మాత్రమే అర్థమయ్యే సూక్ష్మం ఒకటుంది. ఆవాల ఘాటు గింజలో తయారుగా ఉండదు. గింజ నలిగి, తడి తగిలి, లోపలి ఎంజైము పనిచేసినప్పుడు పుడుతుంది. కాగిన నూనెలో చిటపటలాడిన ఆవగింజలో ఆ ఎంజైము వేడికి చచ్చిపోతుంది, అందుకే పోపులో ఆవాలకు అంత ఘాటు ఉండదు. పచ్చి ఆవపిండి కలిపిన ఆవకాయ, ఆవ పెట్టిన పనసపొట్టు కూర ముక్కుకెక్కేది అందుకే. వెల్లుల్లిదీ ఇదే తీరు. దంచితే ఘాటు పుడుతుంది. నలపకుండా పాయగా ఉడికిస్తే తియ్యబడుతుంది. అంటే ఒకే దినుసు ఒక పద్ధతిలో మంట, ఇంకో పద్ధతిలో మంచి. ఇది తెలియకుండా దినుసుల పేర్లు రాసి "వీటిని మానండి" అని చేతిలో పెట్టే చీటీలు మనిషిని భయపెడతాయి తప్ప సాయం చేయవు.

ఇలా చూసుకుంటూ వెళ్తే ఒక చోట ఆగిపోయాను. పప్పు ఉడుకుతుంది. ఆనపకాయ మగ్గుతుంది. బీరకాయ నీరు వదులుతుంది. అక్కడిదాకా మన వంట ఎంత సౌమ్యమైనదో! పెసరపప్పు, కూరగాయ, పసుపు, ఉప్పు, నీళ్లు. ఘాటంతా ఆఖరి నిమిషంలో పోపుతోనో, కారప్పొడితోనో వచ్చి చేరుతుంది. మనం బయట వెతుక్కుంటున్న సూపు ప్రతి తెలుగింట్లో రోజూ తయారవుతూనే ఉంది. పోపు పడేదాకా అది సూపే.

మన పాత వైద్యులు దీన్ని చూశారు. చరక సంహితలో శోధన చికిత్స తర్వాత రోగికి ఆహారాన్ని మళ్లీ అలవాటు చేసే క్రమం ఉంది. మొదట పల్చటి పేయ, తర్వాత చిక్కటి విలేపి, ఆపైన యూషం, అంటే పప్పు ఉడికించి తీసిన కట్టు. ఆ యూషం మళ్లీ రెండు రకాలు. నెయ్యి, ఉప్పు, ఘాటు దినుసులు ఏవీ చేర్చనిది అకృత యూషం. చేర్చినది కృత యూషం. ముందు అకృతం తాగించి, ఒళ్లు కుదుటపడ్డాక కృతానికి వెళ్లాలి. పప్పుధాన్యాల్లో పెసలు శ్రేష్ఠమని కూడా ఆ గ్రంథమే చెప్పింది. ఇది రోజేషియా కోసం చెప్పింది కాదు. ఆ పేరు పెట్టి పాత గ్రంథానికి లేని గొప్ప అంటగట్టడం నాకు నచ్చదు. ఒకే గిన్నెను పోపుకు ముందూ వెనకా రెండు ఆహారాలుగా చూడాలన్న ఆలోచన వాళ్లది. అది చాలు నాకు.

మా ఇంట్లో ఎక్కువగా చేసేది ఆనపకాయ పెసరకట్టు. దీన్నే సొరకాయ అని కూడా అంటారు. లేత కాయ కావాలి, గోరు గుచ్చితే దిగాలి. చెక్కు తీశాక పచ్చి ముక్క ఒకటి నాలుకకు ఆనించి చూడండి. చేదుంటే ఆ కాయ మొత్తం పారేయాలి, ఉడికించినా వాడకూడదు. చేదు సొరకాయలోని కుకుర్బిటసిన్లు ప్రాణం మీదికి తెస్తాయి. సొరకాయ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయాకే భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల కమిటీ వేసి ఈ హెచ్చరిక చేయించింది. తియ్యగా ఉన్న కాయ ముక్కలకు గుప్పెడు పెసరపప్పు, చిటికెడు పసుపు చేర్చి, నీళ్లు బాగా పోసి, పప్పు చేతికి తగలకుండా కరిగేదాకా ఉడికించాలి. పప్పుగుత్తితో మెదిపి, వేడినీళ్లతో పలచన చేసి, ఉప్పు వేసి దించేయాలి. దించాక అరచెంచా నెయ్యి, వేయించి కొట్టిన జీలకర్ర కొద్దిగా, సన్నగా తరిగిన కొత్తిమీర. కొత్తిమీర కాడలు పారేయకుండా ఉడికేటప్పుడే వేస్తే చారుకు వచ్చే పరిమళం వేరు.

బీరకాయకు పప్పు అక్కర్లేదు. ఒక చెంచా బియ్యం కడిగి ముక్కలతోపాటే వేస్తే మెత్తగా విడిపోయి చిక్కదనం ఇస్తాయి. మొక్కజొన్న పిండితో పనే ఉండదు. బూడిద గుమ్మడికాయను మజ్జిగ పులుసు పద్ధతిలో, మిర్చి, అల్లం, ఆవపొడి లేకుండా చేస్తాను. నానబెట్టిన బియ్యం, కొబ్బరి కలిపి నూరి, ముక్కలు ఉడికాక చేర్చి, దించాక మజ్జిగ పోస్తాను. పొయ్యి మీద ఉండగా మజ్జిగ పోస్తే విరుగుతుంది. ఎలాగూ నాకు గోరువెచ్చగానే కావాలి. తీపి గుమ్మడి, క్యారెట్ కలిపి ఉడికించి మెదిపితే వాటి తీపి వాటికే ఉంటుంది, నెయ్యిలో వేయించిన నాలుగు కరివేపాకులు చాలు. పిల్లలు అడిగి మరీ తాగుతారు.

ఘాటు లేకపోతే చప్పగా ఉండదా అని అడుగుతారు. మొదట్లో ఉంటుంది. నాలుక మిరపకాయకు అలవాటుపడి ఉంటుంది కదా. కొన్నాళ్లు పోనిస్తే ఆనపకాయకు ఒక రుచి, బీరకాయకు ఒక రుచి, పెసరపప్పుకు ఒక తీపి ఉన్నాయని తెలుస్తుంది. నేను దాన్ని త్యాగమని అనుకోవడం లేదు. మొన్నమొన్నటిదాకా ఏ కాయ తిన్నా నాకు కారమే తెలిసేది. ఇప్పుడు కాయ తెలుస్తోంది.

గిన్నెలో వేలు ముంచి కాసేపు ఉంచినా చురుక్కుమనకూడదు. అదీ మా ఇంటి కొలత. ముందే చేసి ఉదయం నుంచి సాయంత్రం దాకా బయట ఉంచితే మాత్రం పాడవుతుంది, మన ఎండల్లో మరీ త్వరగా. వెడల్పాటి గిన్నెలో పరిచినట్టు పోస్తే త్వరగా ఆరుతుంది. పూటకు పూట చేసుకోవడమే మంచిది. నిల్వ ఉన్నవాటిలో, పులిసినవాటిలో హిస్టమిన్ పెరుగుతుంది. రక్తనాళాలను విప్పార్చే పదార్థం అది. కూరగాయల్లో టమాటా, వంకాయ, పాలకూరల్లో అది ఎక్కువని చెబుతారు. వీటి పేర్లు చదివి వెంటనే మానేయకండి. కొందరికే పడవు. ఒక్కొక్కటీ కొద్దిరోజులు మాని, మళ్లీ తిని, ముఖం ఏమంటోందో ఒక పుస్తకంలో రాసుకుంటే ఎవరి జాబితా వాళ్లకు తేలుతుంది. నాకు టమాటా పడదు, పాలకూర హాయిగా పడుతుంది. మా స్నేహితురాలికి సరిగ్గా తలకిందులు. భయంతో అన్నీ మానేసి ఉత్త గంజి మీద బతికేవాళ్లను చూశాను. వాళ్లకు చర్మం కుదుటపడకపోగా రక్తహీనత వచ్చింది.

సూపు ఎంతవరకు చేస్తుందో కూడా చెప్పాలి. అది రెచ్చగొట్టదు. అయితే మంటను మాన్పదు. నేషనల్ రోజేషియా సొసైటీ అని అమెరికాలో రోగుల కోసం పనిచేసే సంస్థ ఉంది. వాళ్లు 1,066 మందిని మీ ముఖాన్ని ఏది ఎర్రబరుస్తోందని అడిగితే 81 శాతం మంది ఎండ అన్నారు. 79 శాతం మంది మానసిక ఒత్తిడి అన్నారు. 75 శాతం వేడి వాతావరణం. కారం, మసాలాలు చెప్పినవాళ్లు 45 శాతం, వేడి పానీయాలు చెప్పినవాళ్లు 36 శాతం. రోజుకు రెండుసార్లు సూపు తాగి, మిట్ట మధ్యాహ్నం గొడుగు లేకుండా బస్టాపులో నిలబడితే ఫలితం ఉండదు. ఈ లెక్కలో నాకు ఎక్కువగా మనసుకు తగిలింది ఆ 79. ముఖం ఎర్రబడుతుందేమో అన్న భయమే ముఖాన్ని ఎర్రబరుస్తుంది. "ఏంటి అలా ఎర్రబడ్డావు?" అన్న ప్రశ్న వినగానే సెగ రెట్టింపవుతుంది. దయచేసి ఆ ప్రశ్న అడగకండి.

పేగులకూ ఈ చర్మానికీ ఏదో లంకె ఉందన్న అనుమానం పాతదే. 2008లో ఇటలీ వైద్యులు రోజేషియా ఉన్నవాళ్లను పరీక్షిస్తే, చిన్నపేగుల్లో బాక్టీరియా అతిగా పెరగడం మామూలు వాళ్లకన్నా వీళ్లలో చాలా ఎక్కువగా కనిపించింది. ఆ బాక్టీరియాకు మందు ఇస్తే చాలామందికి ముఖం కూడా తేరుకుంది. ఆశ కలిగించే సంగతే. అయితే అది యాంటీబయాటిక్‌తో జరిగింది, పెసరకట్టుతో కాదు. పీచున్న కూరగాయలు పేగులకు మంచివన్నంతవరకే నేను మాట ఇవ్వగలను.

కాబట్టి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం, ఐవర్‌మెక్టిన్ క్రీములు ఈ జబ్బుకు పనిచేస్తాయి. ఏది ఎవరికన్నది వాళ్లు చెప్పాలి. ముఖం ఎర్రబడటానికి లూపస్ కారణం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, నెలసరి ఆగే వయసు కావచ్చు, కొన్ని రకాల బీపీ మాత్రలు కావచ్చు. ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. కళ్లు మండుతుంటే అసలు ఆలస్యం చేయకూడదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మందుల షాపులో "ముఖానికి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే చేతిలో పడే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన వారానికే ముఖం తెల్లగా, నున్నగా తేరుతుంది. ఆపగానే అంతకు పదింతల మంట. మళ్లీ రాస్తారు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, నరాలు తేలి, రోజేషియా లేనివాళ్లకు కూడా దాన్ని పోలిన ఎర్రటి ముఖం మిగులుతుంది. మన దేశపు చర్మవైద్యులే దీన్ని గుర్తించి స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం అని ప్రత్యేకంగా పేరు పెట్టారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా కౌంటరు మీద అడగ్గానే దొరుకుతూనే ఉన్నాయి. పెళ్లిచూపుల ముందు తెల్లబడాలని ఆడపిల్లలకు ఆ ట్యూబులు కొనిచ్చే తల్లులు దయచేసి పెట్టె మీది పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే డాక్టరు చెప్పనిదే ముఖం దగ్గరికి తేవద్దు.

మళ్లీ వంటింటికి వస్తాను. వైద్యుల చీటీల్లో ఎక్కడా కనపడని విషయం ఒకటి అక్కడ ఉంది. ఈ జబ్బు ఎక్కువగా ముప్ఫై దాటిన వయసులో పైకి వస్తుంది. ఆ వయసు ఆడవాళ్లే మన ఇళ్లలో రెండు పూటలా పొయ్యి ముందు నిలబడేది. కుక్కర్ ఆవిరి, మంట సెగ, వేగే మిరపకాయల ఘాటు, వీటిని భరించాకే వాళ్లు తినడానికి కూర్చుంటారు. తిండిలో కారం తగ్గించుకోమని చెప్పి, వంట మాత్రం వాళ్లతోనే చేయించడం న్యాయం కాదు. మా ఇంట్లో ఇప్పుడు పోపు వేసేది మా ఆయన. వంటింటి కిటికీ తెరిచి, ఫ్యాను వేసి, నేను బయటికి వచ్చాక వేస్తాడు. దీనివల్ల నా బుగ్గలకు కలిగిన ఊరట ఏ సూపుకూ తక్కువ కాదు.

ఇంకొకటి, విడిగా వండటం. "నీ పథ్యం గిన్నె" అని పక్కన పెట్టిన చిన్న గిన్నె తినేవాళ్లను చిన్నబుచ్చుతుంది. జబ్బు మనిషి తిండి అన్న ముద్ర దాని మీద పడుతుంది. అందరూ నవ్వుకుంటూ ఒకే పప్పు కలుపుకుంటుంటే, మనకు మాత్రం వేరే ఏదో వండారన్న ఇబ్బంది. వండినవాళ్లకూ రెట్టింపు పని. కొన్నాళ్లకు వాళ్లకు విసుగొస్తుంది, మనకు మొహమాటం పెరుగుతుంది, "పోనీలే, ఈ ఒక్క పూటకు" అని అందరితో కారమే తినేస్తాం. పథ్యాలు చాలావరకు ఇలాగే ముగుస్తాయి. నోరు కట్టుకోలేక చెడే పథ్యాలు తక్కువ, ఒంటరితనం భరించలేక చెడేవే ఎక్కువ అని నా అభిప్రాయం.

రెండు వంటలు అక్కర్లేదు. ఒకే వంటలో ఒక గీత చాలు, ఆ గీత పోపు దగ్గర ఉంది. పప్పుతోపాటే ఉడికించే పచ్చిమిరపకాయల్ని పోపులోకి మార్చండి. కారప్పొడి ఆఖర్న వేయండి. అప్పుడు అందరిదీ అదే ఆనపకాయ, అదే పప్పు, అదే బంతి. పోపుకు ముందు తీసిపెట్టిన గిన్నెలోది ఎవరికోసమో చెప్పనక్కర్లేదు, పేరు పెట్టనక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరి ముఖమైనా తినగానే కందిపోతుంటే, మంటని పైకి చెప్పుకోలేని చామనఛాయ ముఖమైనా సరే, ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. నూనె కాగకముందే రెండు గరిటెలు వేరే గిన్నెలోకి తీసి, మూత పెట్టకుండా చల్లారనివ్వండి. వడ్డన మొదలయ్యే వేళకు ఆ గిన్నె కూడా అందరి ముందుకూ రావాలి.